ఆగస్టు 9, ఇంకో ఊళ్ళో

మొన్న దసరా సెలవులకి కరీంనగర్ వెళ్ళినప్పుడు, గ్రూప్స్‌కి చదువుతున్న కొందరు పిల్లలకి షోస్తకోవిచ్‌ని వినిపించాను. అందరూ కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్ళే. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక, వాళ్ళకి కంఠతా వచ్చిన తేదీతోనే మొదలుపెట్టాను. 1942 ఆగస్టు 9 అనగానే నలుగురు ఒక్కసారే "క్విట్ ఇండియా, గాంధీ అరెస్ట్" అన్నారు. అదే రోజు సాయంత్రం లెనిన్‌గ్రాడ్‌లో అతని ఏడో సింఫనీ వాయించారు.

ఆ ఊరు అప్పటికి పదకొండు నెలలుగా జర్మన్ల ముట్టడిలో ఉంది. మొదటి చలికాలంలోనే లక్షల మంది ఆకలికి పోయారు. షోస్తకోవిచ్ మూడు భాగాలు అక్కడే రాసి, 1941 అక్టోబర్‌లో బయటపడి, మిగతాది కూయిబిషెవ్‌లో పూర్తిచేశాడు. స్కోరుని మైక్రోఫిల్ము తీసి టెహరాన్, కైరోల మీదుగా అమెరికా చేరవేశారు (ఇప్పుడైతే ఒక జిప్ ఫైలు). జులై 19న టోస్కనీని అక్కడి రేడియోలో వినిపించాడు. లెనిన్‌గ్రాడ్‌లో మాత్రం వాయించేవాళ్ళే లేరు. రేడియో ఆర్కెస్ట్రాలో మిగిలింది పదిహేను మంది దాకా. కండక్టర్ ఎలియాస్‌బెర్గ్‌కి సైన్యం నుంచి వాయిద్యగాళ్ళని తెచ్చిచ్చారు, వాళ్ళకి అదనపు రేషన్ ఇచ్చారు. కచేరీకి ముందే జర్మన్ ఫిరంగుల మీద గుళ్ళు కురిపించి నోరు మూయించారు. సంగీతాన్ని లౌడ్‌స్పీకర్లలో శత్రువులకీ వినిపించారు.

మొదటి భాగంలో స్నేర్ డ్రమ్ ఒకటే దరువు వేస్తుంటుంది. దాని మీద అల్లరిచిల్లర మెట్టు ఒకటి తిరిగి తిరిగి వస్తూ, వచ్చినప్పుడల్లా పెద్దదవుతుంది. నా స్లైడ్లో "దండయాత్ర" అని రాసుకున్నాను.

"చావు డప్పు లెక్కనే ఉందన్నా ఇది," అంది ఒకమ్మాయి.

"కాదు, చావు డప్పుల దుఃఖముంటది. ఇది సంబురంగ వస్తుంది. అందుకే భయమైతుంది," అన్నాడు ఆదిలాబాద్ అబ్బాయి.

నేను చదివిన పెద్ద పెద్ద వ్యాసాలు కూడా ఇంత సూటిగా చెప్పలేదు.

తర్వాత ఆ అమ్మాయే అడిగింది: "వాయించెటోళ్ళకు ఎక్కువ తిండి పెట్టిన్రు. మరి వినెటోళ్ళకో?"

అదనపు రేషన్ నా స్లైడ్లో ఒక ముచ్చటైన వివరం, అంతే. ప్రభుత్వానికి ఆ కచేరీ కావాలి, ప్రపంచం వినాలి, కాబట్టి పెట్టారు అన్నాను. 1936లో అదే షోస్తకోవిచ్‌ని ప్రావ్దా తిట్టిపోసిందనీ, 1942లో నెత్తిన పెట్టుకున్నారనీ, 1948లో మళ్ళీ దించేశారనీ చెప్పాను. నిజాలే, కానీ ఆమె అడిగింది అది కాదు.

చివరి భాగంలోని విజయపు మోత నాకు మొదట్నుంచీ కొంచెం అతిగానే అనిపిస్తుంది. దాన్ని వదిలేసి, నెమ్మదిగా సాగే మూడో భాగం పెట్టాను. ఆమె నోట్స్ మూసేసి వింది.