పట్టాలో తాత, పాటలో గోత్రం

కోస్తా రైతు కుటుంబం ఐదారు తరాల వెనక్కి వెళ్లాలంటే ముందుగా చూడాల్సింది రెవెన్యూ రికార్డు. 19వ శతాబ్దం రెండో సగంలో మద్రాసు ప్రభుత్వం రైత్వారీ గ్రామాలను సర్వే చేయించింది. సెటిల్‌మెంట్ రిజిస్టరులో సర్వే నంబరు, విస్తీర్ణం, మెట్టో మాగాణో, శిస్తెంతో రాసి, ఆ వరసలోనే పట్టాదారు పేరు చేర్చారు. ఇంగ్లీషు, తెలుగు రెండింట్లో ఉండే రిజిస్టరుకు డైగ్లాట్ అని పేరు.

జమీందారీ గ్రామాల్లో ఈ దారి అంత సాఫీగా సాగదు. చాలాచోట్ల 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే ప్రభుత్వ సర్వే జరిగింది.

పట్టాల్లో ఆడవాళ్లు అరుదు. పసుపు కుంకుమ కింద భూమి రాసిచ్చిన దస్తావేజుల్లో మాత్రం ఆడపడుచుల పేర్లు కనిపిస్తాయి.

ఇంటి పెద్దలు తేదీలు చెప్పరు, కరువులు చెబుతారు. ‘నందన కరువుకు వలసొచ్చాం’ అంటే 1832-33. ధాత కరువంటే 1876-78. ఆ రెంటి నడుమ, 1852లో, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి గోదావరి డెల్టాలో మెట్ట మాగాణి అయింది.

కాగితం లేనిచోట పిచ్చుకుంట్లవారు గోత్రాలు పాడి వినిపించేవారు. కాశీ, గయ పండాల పుస్తకాల్లోనూ యాత్రికుల వంశావళి ఉంటుంది.

ఊరి లెక్కలు మాత్రం కరణాల చేతిలోనే ఉండేవి. ఆ వంశపారంపర్య పదవి ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దయింది.