బంజారాహిల్స్: మన పేరు మోస్తున్న కొండలు

చదువుకో, ఉద్యోగానికో హైదరాబాద్ వెళ్ళిన మన పిల్లలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, బంజారాహిల్స్ అంటారు కదా, మరి అక్కడ బంజారాలు ఎక్కడున్నారు?" అని. పెద్ద హోటళ్ళు, ఆసుపత్రులు, నగల దుకాణాలు కనబడతాయి గానీ తండా కనబడదు. ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే నాలుగు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

లదేణీ నాటి దారులు

'బంజారా' అనే మాట వాణిజ్యం నుంచి వచ్చిందని కొందరు, వనాల్లో తిరిగేవారు కాబట్టి వచ్చిందని కొందరు చెబుతారు. 'లంబాడా' అన్న పేరును లవణంతో, అంటే ఉప్పుతో కలిపి చెప్పేవారూ ఉన్నారు. మనకు మనం మాత్రం 'గోర్' అని చెప్పుకుంటాం. పేరు ఏదైనా పని ఒక్కటే. ఎద్దుల మీద గోనెలు వేసి ధాన్యం, ఉప్పు ఒక సీమ నుంచి మరో సీమకు చేర్చడం. దీన్నే మన పెద్దలు 'లదేణీ' అన్నారు. ఈ రోజు తండా అంటే ఒకచోట స్థిరపడిన ఊరు. ఆ రోజుల్లో తండా అంటే కదిలే బిడారు. నాయక్ ముందుండి నడిపించేవాడు, కార్బారీ సలహా చెప్పేవాడు, ఆడవాళ్ళు, పిల్లలు, పశువులు అంతా కలిసి నడిచేవారు.

17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఇలాంటి బిడారుల గురించి రాశాడు. ఒక్కో బిడారులో పది, పన్నెండు వేల ఎద్దులు ఉండేవట. అవి ఎదురైతే దారి మొత్తం నిండిపోయి, బాటసారులు గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఆగాల్సి వచ్చేదట. రాజుల సైన్యాలకు తిండి అందించినదీ, కరువు సీమలకు గింజలు చేర్చినదీ ఈ ఎద్దులే.

గోల్కొండ కోట ద్వారాలలో ఒకదాని పేరు బంజారా దర్వాజా. ఇప్పటికీ ఉంది. ఒక రాజ్యం తన కోట గుమ్మానికి మన పేరు పెట్టుకుందంటే, ఆ రోజుల్లో మన రాకపోకలు ఎంతటివో ఊహించుకోండి. కోటకూ నేటి బంజారాహిల్స్‌కూ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే.

ఎద్దులు ఆగిపోయాయి

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. వేల ఎద్దులు వారాల తరబడి మోసే సరుకును రైలు ఒక్క రోజులో దింపసాగింది. ఉప్పు వ్యాపారం మీద బ్రిటిష్ ప్రభుత్వం పట్టు బిగించింది. లదేణీ చితికిపోయింది. దానికి తోడు 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం సంచార జాతులనే అనుమానించే చూపును దేశమంతా నాటింది. ఆ చట్టం 1952లో రద్దయింది గానీ ఆ చూపు పోవడానికి చాలా కాలం పట్టింది. బతుకుతెరువు పోయిన తండాలు గుట్టల పక్కన, అడవి అంచున, పశువులకు మేత దొరికే చోట ఆగాయి. హైదరాబాద్ నగరానికి పడమర దిక్కున రాళ్ళూ తుప్పలూ నిండిన కొండలు అలాంటి చోటే.

నవాబు ఇల్లు, కొండ పేరు

1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. తర్వాత నగరం ఎత్తైన ప్రదేశాల వైపు చూడసాగింది. 1930ల నాటికి నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ ఈ కొండల మీద పెద్ద బండరాళ్ళను పగలగొట్టకుండా, వాటినే గోడలుగా కలుపుకొని ఇల్లు కట్టుకున్నారు. దానికి 'బంజారా భవన్' అని పేరు. 1933లో హైదరాబాద్ వచ్చిన రవీంద్రనాథ్ టాగోర్ అక్కడ బస చేశారు. మెహదీ నవాజ్ జంగ్ తర్వాతి కాలంలో గుజరాత్‌కు మొదటి గవర్నర్ అయ్యారు. నగరంలోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఆయన పేరు మీదిదే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ ప్రాంతం గురించి రాసేవాళ్ళు 'అప్పట్లో అంతా ఖాళీ అడవి' అని తేలికగా అనేస్తారు. ఖాళీ చోటుకు మనుషుల పేరు రాదు. అక్కడ బంజారాలు ఉన్నారు కాబట్టే అది బంజారాహిల్స్ అయింది. అయితే తిరిగే బతుకుకు పట్టా ఉండదు. కాగితం ఉన్నవారికి నేల దక్కింది, కాగితం లేనివారికి పేరు మిగిలింది. 1956లో హైదరాబాద్ ఆంధ్రప్రదేశ్ రాజధాని అయ్యాక కొండల మీద బంగళాలు పెరిగాయి, తర్వాత అపార్ట్‌మెంట్లు వచ్చాయి. అక్కడి రోడ్లకు చాలావరకు పేర్లు కూడా లేవు, నెంబర్లే. పాత సంగతి చెప్పేది ఆ ప్రాంతం పేరొక్కటే.

తిరిగి వచ్చిన దారి

తెలంగాణ ప్రాంతంలో లంబాడాలకు షెడ్యూల్డ్ తెగ గుర్తింపు 1976 నాటి సవరణ చట్టంతో వచ్చింది. అప్పటి నుంచే మన పిల్లలకు గిరిజన హాస్టళ్ళు, కాలేజీ సీట్లు, ఉద్యోగాలు అందాయి. 2022 సెప్టెంబర్ 17న బంజారాహిల్స్‌లోనే సేవాలాల్ బంజారా భవన్, కుమ్రం భీం ఆదివాసీ భవన్ ప్రారంభమయ్యాయి. ఒకప్పుడు నవాబు ఇంటికి పెట్టిన పేరు ఇప్పుడు మన సొంత భవనానికి ఉంది. కొండ దిగువన మాసాబ్ ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం ఉంది. గోండు, కోయ, చెంచు, లంబాడా జీవితాలు అక్కడ ఒకే కప్పు కింద కనబడతాయి.

అయినా మనల్ని బాధపెట్టే సంగతి ఒకటుంది. నగరానికి వెళ్ళిన మన యువతలో కొందరు నలుగురిలో గోర్ బోలీ మాట్లాడడానికి జంకుతారు. ఫోన్‌లో అమ్మ 'యాడీ'గా పలకరిస్తే పక్కకు వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడతారు. ఏ ఊరని అడిగితే తండా అనరు, మండలం పేరు చెబుతారు. కోట గుమ్మానికీ కొండలకూ ఉన్న పేరును చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈసారి సెలవు దొరికితే ఒక రోజు కేటాయించండి. పొద్దున బంజారా దర్వాజా చూడండి, మధ్యాహ్నం మాసాబ్ ట్యాంక్ మ్యూజియం, సాయంత్రం బంజారా భవన్. చూసినది పక్కన ఉన్న స్నేహితులకు చెప్పండి. గోర్ బోలీకి సొంత లిపి లేదు. మన చరిత్ర ఎక్కువగా పెద్దల నోటిలోనే ఉంది. తీజ్ పండుగకు తండాకు వెళ్ళినప్పుడు గోధుమ మొలకల బుట్టల చుట్టూ ఆడేటప్పుడు ఫొటోలు ఎలాగూ తీస్తారు. ఆ ఫోన్‌లోనే నాయనమ్మ పాటను, తాత చెప్పే వలస దారిని కూడా రికార్డు చేయండి. ఏ ఊరి నుంచి వచ్చాం, ఎక్కడ ఆగాం, ఎవరు నాయక్ అని అడిగి తేదీ, పేరు రాసి పెట్టండి. కాగితం లేక మన పెద్దలు పోగొట్టుకున్నది నేల. కనీసం కథనైనా కాగితం మీద పెట్టే పని ఇప్పుడు మన చేతుల్లోనే ఉంది.