అట్వుడ్ గిలక

బలం రెట్టింపైతే త్వరణమూ రెట్టింపు. ఇది బడిలో అందరం ఒప్పజెప్పినదే. నన్ను వేధించిన ప్రశ్న వేరు: ద్రవ్యరాశిని ముట్టుకోకుండా బలాన్నొక్కదాన్నే పెంచడమెలా? పడే రాయికి మరో రాయి కడితే రెండూ కలిసే పెరుగుతాయి, త్వరణం మారదు.

సమాధానం కేంబ్రిడ్జి ఉపన్యాసకుడు జార్జ్ అట్వుడ్ 1784లో ప్రచురించిన గ్రంథంలో ఉంది. న్యూటన్ 'ప్రిన్సిపియా' వెలువడి అప్పటికి 97 ఏళ్ళు! సాధనం చూడబోతే మన బావి గిలకే: దారం రెండు కొసలా సమానమైన బరువులు. వైపుకు 500 గ్రాములనుకుందాం. ఎడమనుండి 10 గ్రాములు తీసి కుడివైపు వేస్తే తేడా 20. మరో 10 మారిస్తే 40. మొత్తం మాత్రం కిలోయే. త్వరణం రెట్టింపవుతుంది. (గిలక బరువునూ ఒరిపిడినీ నేను వదిలేశాను, ఆయన వదలలేదు, ఇరుసు కింద వేరే చక్రాలమర్చాడు.) తేడాను అలాగే ఉంచి రెండువైపులా సమానంగా బరువు పెంచితే త్వరణం తగ్గుతుంది.

20 గ్రాముల తేడాకు వచ్చే త్వరణం, స్వేచ్ఛగా పడే రాయి త్వరణంలో యాభయ్యో వంతు. లోలకపు గడియారంతో కొలవగలిగేంత నెమ్మది.