ఏ, బీలు ఎక్కడికి పోయాయి?

ఇంట్లో కంప్యూటరున్న ఇల్లాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం వచ్చే ఉంటుంది. తెరమీద సీ అనీ, డీ అనీ, ఈ అనీ పెట్టెలు కనిపిస్తాయి. మరి ఏ, బీలు ఏమైనట్టు? పిల్లలకి అక్షరాలు దిద్దించేటప్పుడు ‘అ, ఆ’లు వదిలేసి ‘ఇ’తో మొదలుపెడతామా?

ఒకప్పుడు ఉండేవండీ. 1981లో ఐబీఎం కంపెనీ తన చిన్న కంప్యూటర్ని బజారుకి తెచ్చినప్పుడు దానికి హార్డ్ డిస్కే లేదు. పల్చటి ఫ్లాపీలు దూర్చే అరలు రెండు. ఒకటి ఏ, రెండోది బీ. 1983లో ‘ఎక్స్‌టీ’ మోడల్‌కి పది మెగాబైట్ల హార్డ్ డిస్కు పెట్టారు. మూడో అక్షరం దానికి దక్కింది. పది మెగాబైట్లంటే ఇప్పటి సెల్‌ఫోన్లో తీసిన రెండు మూడు ఫోటోలకి సరి! తర్వాత ఫ్లాపీలు పోయాయి. పెద్దకోడళ్ళిద్దరూ వేరు కాపురాలకి వెళ్ళిపోయినా మూడో ఆవిడ ‘చిన్నకోడలు’గానే ఉండిపోయినట్టు, సీ మాత్రం సీగానే మిగిలింది.

ఆ డిస్కుతోపాటే దాన్ని గదులుగా విడగొట్టే ‘ఎఫ్‌డిస్క్’ అనే సాధనం కూడా వచ్చింది. విడగొట్టడమంటే కత్తితో కోయడం కాదు. డిస్కు మొట్టమొదట ఓ చిన్న పట్టిక ఉంటుంది. ఫలానా గది ఇక్కణ్ణించి ఇక్కడిదాకా అని అందులో నాలుగే నాలుగు పద్దులు. పట్వారీ పహాణీలో సర్వే నంబర్లు రాసుకున్నట్టన్నమాట. చిత్రమేమిటంటే, ఆ గోడలు మన సామాను క్షేమం కోసం పుట్టినవి కావు. ఒకే యంత్రంలో రెండు మూడు రకాల ఆపరేటింగ్ సిస్టాలు కాపురం చేయాలంటే వాటి మధ్య హద్దు కావాల్సి వచ్చింది. ఆ పైన డాస్ ఒక్కో గదిలో 32 మెగాబైట్లకి మించి చూడలేకపోయేది. డిస్కులు పెద్దవవుతుంటే ఏం చేస్తారు? 1987లో వచ్చిన డాస్ 3.3లో డీ, ఈ, ఎఫ్ అంటూ గదులు పెంచుకునే వీలు కల్పించారు. చేతకానితనం కొద్దీ కట్టిన గోడ మనకి అక్కరకొచ్చింది!

ఎలాగంటారా? బోధన్‌లో షక్కర్‌నగర్ క్వార్టర్సులో కాపురం చేసిన ఒకావిడ ఉన్నారనుకోండి. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ అది. చెరకు బళ్ళ బారులు, సైరను, గాలినిండా బెల్లం పాకం వాసన... 2015 డిసెంబరులో మూతపడింది. ఆ రోజుల ఫోటోలన్నీ కొడుకు స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టాడు. ఓ రోజు యంత్రం మొరాయించింది. బాగుచేసే కుర్రాడొచ్చి “ఫార్మాట్ కొట్టాలమ్మా, డీలో ఉన్నవి పోవు” అన్నాడు. అబద్ధమేం కాదు. సీని తుడిచి విండోస్ మళ్ళీ ఎక్కిస్తే డీ జోలికి పోనక్కర్లేదు. కాని ఫోటోలు ఎక్కడున్నాయి? ఎదురుగా కనపడాలని డెస్క్‌టాప్ మీద. ఆ డెస్క్‌టాపూ, డాక్యుమెంట్సూ, పిక్చర్సూ, అన్నీ మామూలుగా సీలోనే ఉంటాయి సుమండీ! పెళ్ళి ఫోటోలైతే నలుగురి దగ్గరా దొరుకుతాయి. మూతపడ్డ ఫ్యాక్టరీలో చెరకాడుతున్న ఫోటో మళ్ళీ ఎవరు తీస్తారు?

అందుకని ఆ ఫోల్డర్ల మీద కుడిబొత్తాం నొక్కి, ‘ప్రాపర్టీస్’లో ‘లొకేషన్’ అన్నచోట డీకి మార్చుకుంటే మేలు. అప్పుడు బ్యాకప్ కూడా సులువు. ఏది ఎక్కడుందో వెతుక్కునే పని లేకుండా డీ మొత్తాన్ని బయటి డిస్కులోకి ఎత్తిపెట్టడమే. సీకి మాత్రం మరీ ఇరుకు చేయకండి. విండోస్ తిండి ఎక్కువ.

అయితే డీలో పెట్టేశాం కదా అని కాళ్ళు చాపుకోకూడదు. నిజాంసాగర్ సంగతే చూడండి. 1923లో మొదలెట్టి 1931కి కట్టిన ఆ ప్రాజెక్టు కాలువకి ఎన్ని తూములు పెట్టినా, ఎన్ని పిల్లకాలువలు తవ్వినా, వచ్చేది ఒక్క మంజీర నీరే. పైనుంచి మంజీర రాకపోతే అన్ని తూములూ కలిసే ఎండాయి. డిస్కూ అంతే. సీ, డీలు రెండైనా లోపల తిరిగే పళ్ళెమో, చిప్పో ఒక్కటే. అది పోతే గదులన్నీ పోతాయి. చివరి ఆయకట్టు కోసం తర్వాత కోస్లి దగ్గర గోదావరి నీళ్ళు ఎత్తిపోశారు. బ్యాకప్ అంటే అలా వేరే చోటునుంచి రావాలి. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి ఇంటి బయట. గల్ఫులో అల్లుడో, హైదరాబాదులో కూతురో లేని ఇల్లు నిజామాబాదు వైపు అరుదు కాబట్టి ఆ మూడోదానికి మనకి చోటు వెతుక్కోనక్కర్లేదు!

ఈ పాఠం డిస్కులు చేసేవాళ్ళూ నేర్చుకున్నారు. పాత పట్టిక ఒక్కటే ఉండేది. అది చెడితే సామానంతా లోపలే ఉన్నా తలుపులు కనపడవు. ఇప్పటి ‘జీపీటీ’ పద్ధతిలో విండోస్ 128 గదులదాకా ఒప్పుకుంటుంది, పైగా పట్టికకి నకలొకటి డిస్కు చిట్టచివర దాస్తారు.

2025 అక్టోబరుతో విండోస్ 10కి కంపెనీ మామూలు మద్దతు ఆపేసింది కనక చాలా ఇళ్ళకి మళ్ళీ ఆ కుర్రాడు వస్తాడు. అతను రాకముందే బయటి డిస్కొకటి కొని డీని అందులోకి ఎత్తండి. దానికి ఏ అక్షరం కావాలో ‘డిస్క్ మేనేజ్‌మెంట్’లో మనమే ఇచ్చుకోవచ్చు. ఫ్లాపీలు వదిలిపోయిన బీ ఖాళీగానే ఉంది. బ్యాకప్‌కి బీ, గుర్తుండడానికి కూడా బావుంటుంది.