711వ నంబరు గదిలో నలుగురు

మన పట్నాల్లో ఆ పళ్లచక్రం గుర్తు కంటపడని వీధి తక్కువ. బస్టాండులో సిమెంటు బల్ల మీద, ఎండాకాలం చలివేంద్రం బ్యానరు మీద, చివరికి శ్మశానం గేటు మీద కూడా ‘రోటరీ క్లబ్ వారి సౌజన్యంతో’ అని ఉంటుంది. చూసినవాడికి సేవే గుర్తొస్తుంది. కానీ ఆ క్లబ్బు సేవ కోసం పుట్టలేదు. ఆదివారం వస్తే పలకరించే దిక్కులేక అల్లాడిన ఒక బ్రహ్మచారి లాయరు దాన్ని పుట్టించాడు. సేవ ఆ తర్వాత రెండేళ్లకు, అదీ ఒకాయన మొహం మీద అడిగేస్తే వచ్చింది.

ఆ లాయరు పేరు పాల్ హారిస్. 1868లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి వ్యాపారం చితికిపోవడంతో మూడేళ్ల వయసులోనే వెర్మాంట్ కొండల మధ్య వాలింగ్‌ఫర్డ్ అనే పల్లెకు, తాతయ్య నాయనమ్మల దగ్గరికి చేరాడు. పిల్లవాడు మహా అల్లరి. వెర్మాంట్ విశ్వవిద్యాలయం నుంచి వెళ్లగొట్టించుకున్న ఘనుడు. ఎలాగైతేనేం, 1891లో అయోవాలో లా పట్టా పుచ్చుకున్నాడు. పట్టా చేతికొచ్చాక అందరిలా బోర్డు కట్టలేదు. అయిదేళ్లు లోకం చూసి వస్తానని కాలికి బలపం కట్టుకున్నాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో పత్రికా విలేకరి, ఫ్రెస్నో దగ్గర ఎండుద్రాక్ష పొట్లాలు కట్టే కూలీ, డెన్వర్‌లో నాటకాల నటుడు, ఫ్లోరిడాలో హోటల్లో రాత్రి గుమాస్తా, తర్వాత చలువరాళ్లు అమ్మే సేల్స్‌మన్. పశువుల్ని తీసుకెళ్లే ఓడలో పనివాడిగా ఇంగ్లండుకూ వెళ్లొచ్చాడు. పెళ్లిసంబంధం చూడడానికి వచ్చిన పెద్దమనిషి ఇదంతా వింటే అక్కణ్నుంచే వెనక్కి తిరిగేవాడు. కానీ తర్వాత ఇతను కట్టిన క్లబ్బులో బొగ్గు వ్యాపారితోనూ, దర్జీతోనూ, ప్రెస్సు యజమానితోనూ సమానంగా కూర్చుని మాట్లాడగలిగాడంటే, ఆ అయిదేళ్ల తిరుగుడు ఊరికే పోలేదనే నా అనుమానం.

1896లో చికాగోలో స్థిరపడ్డాడు. అప్పటికే పదిహేను లక్షలు దాటిన ఊరు. కోర్టు పని దొరికింది, కక్షిదారులు దొరికారు, స్నేహితులు దొరకలేదు. వారమంతా ఎలాగో గడిచేది, ఆదివారాలూ పండగ రోజులే భరించలేకపోయేవాడు. పార్కుల్లో ఒంటరిగా తిరిగేవాడు. హైదరాబాదులో మొదటి ఉద్యోగానికి వచ్చి, అమీర్‌పేట హాస్టలు గదిలో ఆదివారం మధ్యాహ్నం ఫ్యాను కేసి చూస్తూ పడుకున్న ఎవరికైనా ఇది వేరే చెప్పక్కర్లేదు.

1900లో ఒక సాయంత్రం తోటి లాయరొకాయన భోజనానికి పిలిచాడు. భోజనాలయ్యాక ఇద్దరూ రోజర్స్ పార్క్ వీధుల్లో నడిచారు. దారిలో ఆ మిత్రుడు ప్రతి దుకాణం ముందూ ఆగి, యజమానిని పేరు పెట్టి పలకరించి, హారిస్‌ను పరిచయం చేశాడు. అచ్చం వాలింగ్‌ఫర్డ్‌లో తాతయ్యతో కలిసి నడిచినట్టే ఉంది. ఇంత పెద్ద పట్నంలో కూడా ఒక పల్లెటూరును కట్టుకోవచ్చన్న ఆలోచన ఆ రాత్రి పుట్టింది. కాగితం మీదికి రావడానికి ఇంకో అయిదేళ్లు పట్టింది.

1905 ఫిబ్రవరి 23, గురువారం. చికాగోలో ఫిబ్రవరి అంటే మన మాఘమాసపు చలి లెక్కలోకి రాదు. హారిస్ తన స్నేహితుడు, కక్షిదారు, బొగ్గు వ్యాపారి సిల్వెస్టర్ షీలేతో కలిసి మదాం గ్యాలీ అనే ఆవిడ నడిపే ఇటాలియన్ హోటల్లో భోంచేశాడు. మనసులో మాట చెప్పాడు. అక్కణ్నుంచి ఇద్దరూ డియర్‌బోర్న్ వీధిలోని యూనిటీ బిల్డింగ్‌కు నడిచారు. ఏడో అంతస్తు, 711వ నంబరు గది, గనుల ఇంజనీరు గస్టావస్ లోర్ ఆఫీసు. లోర్ తన మిత్రుడు హైరమ్ షోరీని పిలిచి కూర్చోబెట్టాడు. షోరీ దర్జీ షాపు యజమాని. నలుగురివీ నాలుగు వృత్తులు. అయినా నలుగురూ చిన్న ఊళ్ల నుంచి బతకడానికి వచ్చినవాళ్లే. క్లబ్బుకు పునాది అదే.

ఈసారి నా ఆఫీసులో, మళ్లీసారి నీ ఆఫీసులో అని వంతులు తిరుగుతూ కలుసుకోవాలనుకున్నారు. తిరిగేది కనుక రోటరీ. ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే తీసుకోవాలని నియమం. ఒకే వీధిలో ఉన్న రెండు కిరాణా కొట్లవాళ్లు ఒకే బల్ల దగ్గర ఎంతసేపు నవ్వుకోగలరో హారిస్‌కు తెలిసినట్టుంది. ఇంకో నియమం నాకు మరీ నచ్చింది. సభ్యులు ఒకరినొకరు ‘మిస్టర్’ అనకూడదు, పేరు పెట్టి పిలుచుకోవాలి. మన దగ్గరికి వచ్చేసరికి ఇది తలకిందులైంది. ఇక్కడ వేదిక మీద ప్రతి ఒక్కరూ ‘రొటేరియన్ ఫలానా గారే’.

తర్వాతి సమావేశాల్లో ప్రెస్సు నడిపే హ్యారీ రగల్స్ చేరాడు. ఒకసారి ఎవరో మాటల్లో బూతు జోకు ఎత్తుకోబోతే, రగల్స్ లేచి ‘రండి, పాడదాం’ అని పాట అందుకున్నాడట. క్లబ్బుల్లో సమావేశాల మధ్య పాటలు పాడే అలవాటు అలా మొదలైందంటారు.

ఏడాది తిరిగేసరికి సభ్యులు ముప్పై మంది దాకా అయ్యారు. స్నేహం సంగతి సరే, లోపల ఏం జరుగుతోందో చూడాలి. క్లబ్బు రాసుకున్న ఆశయాలు రెండే రెండు: సభ్యుల వ్యాపారాల అభివృద్ధి, సభ్యుల మధ్య సత్సంబంధాలు. ఎవరు ఎవరికి ఎంత బేరం తెచ్చిపెట్టారో లెక్క రాయడానికి ఒక పదవే ఉండేది. బొగ్గు కావాలంటే షీలే దగ్గర, సూటు కుట్టించాలంటే షోరీ దగ్గర, కరపత్రాలు వెయ్యాలంటే రగల్స్ దగ్గర. ఇచ్చిపుచ్చుకోవడాలన్న మాట. నిర్మొహమాటంగా చెప్పాలంటే భోజనాలు కలిపిన చీటీపాట.

1906లో ఫ్రెడరిక్ ట్వీడ్ అనే సభ్యుడు తనకు తెలిసిన డొనాల్డ్ కార్టర్‌ను చేరమన్నాడు. కార్టర్ పేటెంట్ల లాయరు. నియమావళి అడిగి తీసుకుని చదివాడు. చదివి, చేరనన్నాడు. సొంత సభ్యులకు తప్ప ఊరికి ఏమీ చెయ్యని క్లబ్బు ఎక్కువ కాలం నిలవదన్నాడు. ఇక్కడ ట్వీడ్ చేసిన పనికి దణ్నం పెట్టాలి. రోషం తెచ్చుకుని వెళ్లిపోలేదు. ‘అయితే నువ్వే లోపలికొచ్చి ఆ సవరణేదో పెట్టు’ అన్నాడు. కార్టర్ చేరాడు. చికాగో నగర ప్రయోజనాల కోసం పాటుపడటం, పౌరుల్లో ఊరి మీద మమకారం పెంచడం మూడో ఆశయంగా చేరింది. రోటరీని కనిపెట్టింది హారిస్ అయితే, ఈనాడు మనం చూస్తున్న రోటరీని కనిపెట్టింది కార్టర్ అని నేనంటాను. ఆయన విగ్రహం ఎక్కడా కనిపించదు గానీ.

మరి మొదటి సేవాకార్యం ఏమిటి? మరుగుదొడ్లు. చికాగో నడిబొడ్డున జనానికి పబ్లిక్ మరుగుదొడ్లు కట్టించాలని 1907లో క్లబ్బు పట్టుపట్టింది. అడ్డం పడినవాళ్లు ఎవరో తెలుసా? ఒకరు బీరు తయారీదారుల సంఘం. మా సారా దుకాణాల్లో మగవాళ్లకు మరుగుదొడ్లు ఉన్నాయిగా అని వాళ్ల వాదన. రెండోవాళ్లు స్టేట్ వీధిలోని పెద్ద పెద్ద దుకాణాలవాళ్లు. ఆడవాళ్లకు మా షాపుల్లో వసతి ఉందన్నారు. అక్కడ అవసరం తీరాలంటే ముందు ఒక గ్లాసు బీరో, ఏదో ఒక వస్తువో కొనాలి, అసలు గుట్టు అది. క్లబ్బువాళ్లు ఇతర సంఘాలను కూడగట్టుకుని, నగరపాలకుల చుట్టూ తిరిగి, దాదాపు రెండేళ్లకు సాధించారు. దూరప్రయాణాల్లో మన బస్టాండ్లలో ఆడవాళ్లు పడే అవస్థ చూసినవాళ్లు ఎవరూ దీన్ని చిన్న పని అనరు.

ఈ మార్పు పాత సభ్యులందరికీ రుచించలేదు. మనం మనం కలుసుకుని నాలుగు మాటలు చెప్పుకోవడానికి వస్తే, ఈ ఊరి గొడవ ఏమిటని కొందరు సణిగారు. హారిస్‌కేమో ఊరు సరిపోలేదు, ఇతర నగరాల్లోనూ క్లబ్బులు పెట్టాలంటాడు. ఆ పేచీల్లోనే అధ్యక్ష పదవి వదులుకున్నాడు. మొదటి నలుగురిలో లోర్, షోరీ ఎక్కువ కాలం నిలవలేదు. అయినా 1908లో శాన్ ఫ్రాన్సిస్కోలో రెండో క్లబ్బు పుట్టింది. 1910 నాటికి 16 అయ్యాయి. 1917లో అదే చికాగోలో మెల్విన్ జోన్స్ అనే బీమా ఏజెంటు ఇలాంటివే అయిన లయన్స్ క్లబ్బులకు అంకురం వేశాడు. 1925లో అంధ రచయిత్రి హెలెన్ కెల్లర్ లయన్స్ సభకు వచ్చి అంధుల కోసం పనిచెయ్యమని అడిగింది. మన ఊళ్లలో లయన్స్ అనగానే కంటి శిబిరం గుర్తుకు రావడం వెనుక ఆవిడ మాట ఉంది.

మన దేశానికి రోటరీ 1919లో కలకత్తా మీదుగా వచ్చింది. మొదట్లో అది దొరల వ్యవహారమే. అదే కలకత్తా నుంచి నితీశ్ లాహిరి 1962లో ప్రపంచ రోటరీకి అధ్యక్షుడయ్యాడు. ఒక లోటు మాత్రం చెప్పి తీరాలి. స్నేహం, స్నేహం అన్న ఈ సంఘం ఎనభై ఏళ్లకు పైగా ఆడవాళ్లను గుమ్మం బయటే నిలబెట్టింది. కాలిఫోర్నియాలో ఒక క్లబ్బు మహిళలను చేర్చుకుంటే దాన్నే బహిష్కరించారు. 1987లో అమెరికా సుప్రీంకోర్టు చెబితే గానీ తలుపు తెరుచుకోలేదు.

1985 నుంచి రోటరీ పోలియో మీద పడింది. మన దేశంలో 1995లో పల్స్ పోలియో మొదలైంది. ఆ ఆదివారాలు గుర్తున్నాయా? పొద్దున్నే అంగన్‌వాడీ ముందు బల్ల, బల్ల మీద ఐసు పెట్టిన నీలం వ్యాక్సిన్ డబ్బా, రోటరీవాళ్ల పసుపు టోపీలు. మందుల షాపాయన సీసా అందిస్తుంటే, రిటైరైన హెడ్మాస్టరు గారు ఏడుస్తున్న పిల్లాడి ఎడమచేతి చిటికెన వేలు పట్టుకుని మార్కరుతో గీత గీసేవారు. పొద్దున ‘మాస్టారు గారూ’ అని మొదలైన పిలుపు, వాడవాడా తిరిగి, తలుపు తియ్యని ఇంటి ముందు ఇద్దరూ కలిసి బతిమాలి, ఒకే టిఫిన్ క్యారేజీ పంచుకున్నాక సాయంత్రానికి ‘అన్నా’లోకి దిగేది. చికాగోలో నియమం పెట్టి తెచ్చుకున్న చనువు, ఇక్కడ పనిలో పనిగా వచ్చింది. 2011 జనవరి 13న హౌరా జిల్లాలో బయటపడిన కేసే దేశంలో చివరిది. 2014 మార్చిలో మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహిత ధ్రువపత్రం దక్కింది.

మరి మొదట్లో చెప్పుకున్న ఆ ఒంటరి లాయరు ఏమయ్యాడు? చికాగోలో కలిసి కాలినడకన తిరిగే ఒక బృందంతో వెళ్లినప్పుడు ముళ్లకంచె తగిలి హారిస్ కోటు చిరిగింది. జీన్ థామ్సన్ అనే అమ్మాయి కుట్టిపెడతానంది. కొద్ది నెలలకే, 1910లో, పెళ్లయింది. షీలే, హారిస్ చివరిదాకా విడిపోలేదు. ఇళ్లు కూడా దగ్గర దగ్గరే ఉండేవి.

యూనిటీ బిల్డింగ్‌ను 1989లో కూల్చేశారు. 711వ నంబరు గదిని మాత్రం ముందే విప్పి భద్రపరిచారు. ఇప్పుడు ఇవాన్‌స్టన్‌లోని రోటరీ కేంద్ర కార్యాలయంలో ఉంది. షీలే 1945లో, హారిస్ 1947లో పోయారు. చికాగో దగ్గర మౌంట్ హోప్ శ్మశానంలో ఇద్దరి సమాధులూ దగ్గర దగ్గరే ఉన్నాయి.