గుంట నేల చూసి ఊరి పంట చెప్పే విద్య

ఊళ్లో పంట ఎంత పండిందో తేల్చడానికి ఒకప్పుడు పట్వారీ కన్నే కొలత. నిజాం ఏలుబడిలోని వరంగల్ ప్రాంతంలోనైనా, పక్కనున్న బ్రిటిష్ జిల్లాల్లోనైనా గ్రామాధికారి గట్టు మీద నిలబడి చేను చూసి, ఈ ఏడు పదహారణాల పంటా, పదణాల పంటా అని రాసి పంపేవాడు. సాగైన విస్తీర్ణాన్ని మామూలు దిగుబడితో హెచ్చించి, ఆ అణాల వంతున తగ్గిస్తే జిల్లా పంట లెక్క తయారయ్యేది. కరువు వచ్చిందా లేదా, శిస్తు తగ్గించాలా వద్దా అన్నవి ఆ లెక్కను బట్టే నడిచేవి. పట్వారీ పక్షపాతం గురించి చాలామంది మాట్లాడారు కానీ, అంతకన్నా లోతైన చిక్కు ఒకటుంది. అతడు ధర్మరాజంతటి వాడే అయినా, తన అంచనా ఎంత మేరకు తప్పి ఉండవచ్చో చెప్పే దారి అతడికి లేదు. కొంచెం చూసి మొత్తం గురించి చెప్పడం, చెప్పినదాంట్లో ఎంత తేడాకు అవకాశముందో కూడా చెప్పడం సాంఖ్యక అనుమితి చేసే పని. ఆ విద్య దాదాపు వందేళ్ల కిందటే మన దేశంలోని పొలాల్లో అడుగుపెట్టింది. మన బడి పుస్తకాల్లోకి మాత్రం ఇంకా రాలేదు. పొలం దాకా వచ్చినదాన్ని బడి గుమ్మం దగ్గర ఆపడానికి చెబుతున్న కారణాలు చరిత్ర ముందు నిలవవని నా వాదన.

1923 నుంచి రెండేళ్లపాటు బీహార్, ఒరిస్సా వరి పొలాల్లో హబ్బాక్ అనే అధికారి, ఎక్కడ కోయాలో మనిషి ఇష్టానికి వదలకుండా యాదృచ్ఛికంగా ఎంచిన చిన్న చిన్న చోట్ల పంట కోయించి తూచాడు. తన పద్ధతుల మీద ఆ పని ప్రభావం ఉందని ఆధునిక సాంఖ్యక శాస్త్రానికి మూలపురుషుడైన ఫిషరే ఒప్పుకున్నాడు. 1937 నుంచి సాంఖ్యక శాస్త్రవేత్త మహలనోబిస్ బెంగాల్ జనపనార సర్వేలతో ఆ పద్ధతిని విస్తరించాడు. 1940ల్లో మరో సాంఖ్యక శాస్త్రవేత్త సుఖాత్మే బృందం పంట కోత ప్రయోగాలను రాష్ట్రాలకు అలవాటు చేసింది. మహలనోబిస్, సుఖాత్మేల మధ్య నడిచిన వాదం బడి పిల్లలందరికీ చెప్పదగ్గది. మరీ చిన్న చోట్ల కోస్తే దిగుబడి ఉన్నదానికన్నా ఎక్కువగా తేలుతోందని సుఖాత్మే 1946లో చూపించాడు. సరిగ్గా గీత మీద పడిన మొక్కను కోసేవాడి చెయ్యి లోపలికే లాగుతుంది. చోటు ఎంత చిన్నదైతే, విస్తీర్ణంతో పోలిస్తే దానికి అంచు అంత ఎక్కువ. అలాంటి చోట్లు వెయ్యి కోసినా ఆ తప్పు పోదు. నమూనా పెంచితే పోయే తప్పు ఒకటి, ఎంత పెంచినా పోనిది మరొకటి అని పొలమే నేర్పింది.

ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలో వరికి పంట కోత ప్రయోగం చేయాలన్నా తీరు అదే. సర్వే నంబరును యాదృచ్ఛిక సంఖ్యలతో ఎంచుతారు. పొలం నైరుతి మూల నుంచి ఇన్ని అడుగులు ఇటు, ఇన్ని అటు అని మళ్లీ ఆ సంఖ్యలే చెబుతాయి. అక్కడ 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పున తాడు కట్టి, కోసి, నూర్చి, తూచి, ఆరబెట్టి మళ్లీ తూస్తారు. 2016లో వచ్చిన ఫసల్ బీమా పథకంలో పంచాయతీకి ప్రధాన పంట మీద కనీసం 4 ప్రయోగాలన్నది నియమం. నాలుగు చోట్లూ కలిపితే 100 చదరపు మీటర్లు, అంటే మన లెక్కన దాదాపు ఒక గుంట. ఆ గుంట నేల ఊరందరి పరిహారాన్ని తేల్చేది. 2020లో తెలంగాణ ఆ పథకం నుంచి తప్పుకుంది గానీ, దిగుబడి అంచనాకు పంట కోత ప్రయోగాలు అంతకుముందూ ఉన్నాయి, ఆ తర్వాతా ఉన్నాయి.

ఈ విద్య తరగతి గదిలో ఎలా పెరిగిందో చెప్పడానికి తెలుగువాడి కథే ఉంది. గూడూరు (ఇది ఆంధ్రలోని మరో గూడూరు), నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదివిన సి.ఆర్. రావు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. పూర్తిచేసి 1941లో కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థలో చేరాడు. 1944లో కలకత్తాలోనే విద్యార్థులకు పాఠం చెబుతూ పెద్ద నమూనాలకు ఫిషర్ ఇచ్చిన ఫలితాన్ని వివరించాడు. దండేకర్ అనే విద్యార్థి లేచి, చిన్న నమూనాకు దీన్ని ఎందుకు నిరూపించకూడదని అడిగాడు. ఆ రాత్రి కూర్చుని రావు సాధించిన జవాబే 1945లో అచ్చయింది. పక్షపాతం లేని అంచనా ఎంత తెలివైనదైనా ఒక హద్దుకన్నా కచ్చితంగా ఉండజాలదని చెప్పే ఆ ఫలితాన్ని ప్రపంచం క్రామర్–రావు అసమానత అంటోంది. దండేకర్ అడిగింది పండితులకే తట్టే ప్రశ్నేమీ కాదు. చేతిలో ఉన్నది కొంచెమే అయితే ఎంతవరకు నమ్మొచ్చు అన్నది మహబూబాబాద్ జిల్లా గూడూరు బడిలో తొమ్మిదో తరగతి పిల్ల కూడా అడగగలదు. అయితే దానికి చోటిచ్చే పాఠం ముందు ఉండాలి.

మన పదో తరగతి పుస్తకంలో సగటు, మధ్యగతం, బాహుళకం, ఓజివ్ వక్రాలు ఉన్నాయి. వేరే అధ్యాయంగా సంభావ్యత ఉంది. ఇంటర్ రెండో ఏడు గణితంలో ద్విపద, పాయిజాన్ విభాజనాల దాకా వెళ్తారు. ఇచ్చిన అంకెలను వర్ణించడం ఒక గట్టు, అవకాశాలను లెక్కించడం మరో గట్టు. రెంటినీ కలిపే అనుమితి పాఠం డిగ్రీలో సాంఖ్యక శాస్త్రం తీసుకున్నవాళ్లకే. దీనికి కలనగణితం కావాలి, పిల్లలకు అందదు అంటారు. రావు నిరూపణకు కావాలి, నిజమే. ఆలోచనకు అక్కర్లేదు. ధ్రువీకరించిన వరి విత్తనంలో కనీసం 80 శాతం మొలకెత్తాలన్నది ప్రమాణం. 10 గింజలు తడిగుడ్డలో కడితే 6 మొలిచాయనుకోండి. విత్తనం ప్రమాణానికి సరిపోయినదే అయినా, 6 లేదా అంతకన్నా తక్కువ మొలిచే అవకాశం దాదాపు 12 శాతం ఉంది. దుకాణదారుణ్ని నిలదీయడానికి అది చాలదు. అదే 50 గింజల్లో 30 మొలిస్తే, అలా జరిగే అవకాశం వెయ్యిలో ఒకటి కూడా లేదు. రెండుచోట్లా మొలిచింది 60 శాతమే, తీర్పులు మాత్రం వేరు. ఇంటర్ పిల్లలు ఇప్పటికే నేర్చుకుంటున్న ద్విపద సూత్రంతో ఈ లెక్క పూర్తవుతుంది. సూత్రం రాని పదో తరగతి వాళ్లు ఎనిమిది తెల్ల పూసలు, రెండు నల్ల పూసలు సంచిలో వేసి, ఒకటి తీసి చూసి మళ్లీ వేస్తూ, పది తీతల్ని ఒక వరుసగా వందసార్లు చేస్తే ఆ 12 శాతానికి దగ్గరలోకి వస్తారు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం రైతుది. నా చేను మునిగింది, కోత ప్రయోగం మరొకడి చేలో జరిగింది, నా నష్టం లెక్కలోకి రాలేదు, ఇలాంటి విద్య నా పిల్లకెందుకు? ఆ బాధ న్యాయమైనదే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుందన్న ధీమా చేల దగ్గర పనికిరాదు. చెరువు కింది మడికీ ఆఖరి మడికీ నీరు ఒకేలా అందదు. సగటు ఊరి గురించి చెబుతుంది, మీ చేను గురించి చెప్పదు. వ్యక్తిగత నష్టాన్ని సగటుతో తీర్చాలన్నది పథకం నిర్ణయం, అనుమితి దాన్ని ఎక్కడా కోరలేదు. ఈ తేడా తెలియని ఊళ్లో కోపం తాడు పట్టుకొచ్చిన ఉద్యోగి మీదే ఆగిపోతుంది. తెలిసిన ఊరు సర్వే నంబర్లు ఎంచిన పట్టిక చూపించమంటుంది. అనుకున్న పొలం వదిలేసి రోడ్డు పక్క పొలంలో ఎందుకు కోశారని అడుగుతుంది. నాలుగు తూకాల మధ్య ఇంత తేడా ఉంటే వాటి సగటును ఎంతవరకు నమ్మాలో, ఇంకో నాలుగు చోట్ల కోస్తే ఆ సగటు తప్పే అవకాశం ఎంత తగ్గుతుందో కాగితం మీద చూపించమని గ్రామసభలో పట్టుబడుతుంది.