లక్ష్మీనగర్ రౌనక్

ఈద్ ఖరీదీకి గోదావరిఖని లక్ష్మీనగర్‌కు పోయినప్పుడల్లా మా అబ్బా ఒక అద్దాల దుకాణ్ ముందు కాసేపు ఆగుతాడు. ఒకప్పుడు అక్కడ రేకుల అర్రలో ఆయన కుట్టు మిషన్ ఉండేది. ఇప్పుడది బొటిక్. లోపల ఏసీ, అద్దం వెనక జర్దోజీ లెహంగా తొడిగిన బొమ్మ.

మా బజార్ తారీఖ్ అంతా బొగ్గుదే. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీగా మొదలై, 1920లో సింగరేణి పేరు పెట్టుకున్న కంపెనీ, 1960లలో ఇటు గోదావరి ఒడ్డున గనులు తెరిచింది. ఊరూరి నుంచి మజ్దూర్లు దిగారు. గని పక్కన క్వార్టర్లు, క్వార్టర్ల పక్కన దుకాణ్లు. గోదావరిఖనికి పాత బస్తీ లేదు, ఖాందానీ సాహుకార్లు లేరు. అందరూ పొట్ట చేతపట్టుకొని వచ్చినవాళ్లే, మా అబ్బాతో సహా.

ఆ దుకాణ్లు ఉద్దెర మీద నడిచేవి. తన్ఖా నగదుగా చేతికొచ్చే రోజుల్లో అబ్బా కాపీ తెరిచి కూర్చునేవాడు. పేరు పక్కన గని నంబర్, తర్వాత నాప్, ఆ తర్వాత బాకీ. నడుము ఎంతో, బాకీ ఎంతో ఒకే లైన్లో! జనరల్ మజ్దూరైనా, ఓవర్‌మెన్ సాబైనా అదే బల్ల మీద కూర్చునేవారు, బట్టలో మాత్రమే తేడా. దసరాకు, రంజాన్‌కు ఇంటిల్లిపాదీ కాజాలు కుట్టేవాళ్లం. అవి జన్నత్ రోజులని అనను. సమ్మె నెలల్లో కాపీ నిండా బాకీలే, ఇంట్లో పూటపూటా ఖిచిడీయే. కొన్ని పైసలు ఎప్పటికీ రాలేదు.

జనం పెరిగారు, అందుకే పెద్ద షోరూంలు వచ్చాయంటారు. నాకు ఆ మాట సహీ అనిపించదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. 2024 నాటికి 41 వేల దగ్గరికి దిగారు. ఓపెన్‌కాస్టులొచ్చాయి, మెషీన్లొచ్చాయి. మిగిలినవాళ్ల చేతికి మాత్రం పైసలు ఒక్కసారిగా వస్తాయి. 2024 దసరా ముందు లాభాల వాటాగా 796 కోట్లు పంచారు, సగటున ఒక్కొక్కరికి 1.90 లక్షలు. దాని వెనకే దీపావళి బోనస్ 93,750. అంత మొత్తం రెండు నెలల్లో పడితే బజార్ ఆ రెండు నెలల కోసమే సింగారించుకుంటుంది. బంగారం, పట్టు, పెళ్లిళ్ల కుట్టు.

అదే ఏడాది కాంట్రాక్ట్ మజ్దూర్లకూ మొదటిసారి వాటా ఇచ్చారు. 5 వేలు. వాళ్లను బొటిక్ తలుపు దగ్గర ఎవరూ ఆపరు. ధర చీటీ చూసి వాళ్లే వెనక్కి వస్తారు. లోపల ఉద్దెర కాపీ లేదు కదా.

బొటిక్ అమ్మాయి మీద నాకు షికాయత్ లేదు. ఆమె కూడా గని కార్మికుడి బిడ్డే, హైదరాబాద్‌లో కుట్టు నేర్చుకొని వచ్చింది. ఫాల్, పీకో, హుక్కుల పని మా ఇంటికి పంపుతుంది. "చాచా, రేపటికల్లా కావాలె" అని ఫోన్. పీసుకు ఇంత అని రేటు. తన చేత్తో కోసి, తన పేరుతో ఇచ్చిన జోడా కాదది. అబ్బా ఏమీ అనడు, కళ్లద్దాలు తుడుచుకొని కూర్చుంటాడు.

మొన్న రంజాన్‌లో ఒక కాంట్రాక్ట్ కార్మికుడు ఇద్దరు పిల్లల్ని తీసుకొని బట్టతో ఇంటికొచ్చాడు. పైసలు ఈద్ తర్వాత ఇస్తానన్నాడు. అమ్మీ నా వైపు చూసింది. అబ్బా సందూక్ తెరిచి అట్ట చిరిగిన ఆ పాత కాపీలో ఖాళీ పేజీ వెతికి, పెద్దోడి భుజం మీద టేపు పెట్టాడు.